‘పైన చెప్పాం, కింద చూడండి’: నలుగురు కలిసి రాసే మాన్యువల్‌లో దారి తప్పించే మాటలు

కిందటి ఎపిసోడ్‌లో దశలవారీ సూచనలు ఎలా రాయాలో మాట్లాడుకున్నాం. అది చూసి ఒకరు నాకు ఇలా రాశారు: "మేడమ్, మా టీమ్‌లో ఎనిమిది మందిమి కలిసి ఒకే మాన్యువల్ రాస్తున్నాం. ఒకరు ‘పైన చెప్పినట్టు’ అంటారు. ఇంకొకరు ‘సెక్షన్ 4 చూడండి’ అంటారు. మరొకరు వెబ్ అడ్రస్ మొత్తం తెచ్చి అతికిస్తారు. వీటిలో ఏది సరైనది?"

మంచి ప్రశ్న. ఒక చోట చదువుతున్నవాళ్ళను ఇంకో చోటికి వెళ్ళి చూడమని చెప్పడాన్నే మనం క్రాస్ రెఫరెన్స్ అంటాం. చాలామంది దీన్ని కామా ఎక్కడ పెట్టాలి, ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలి అన్నంత చిన్న విషయం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు నా పొరపాటు ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ. మాన్యువల్ రాసేవాళ్ళం నలుగురం. మధ్యమధ్యలో డెవలపర్లు కూడా వచ్చి తమ భాగం రాసి వెళ్ళేవాళ్ళు. అందులో ఏడో అధ్యాయం ‘సమస్యలు వచ్చినప్పుడు’. అప్పటికి 7.1 అంటే బ్యాకప్ నుంచి డేటాను తిరిగి ఎక్కించడం. 7.2 అంటే సర్వీసును ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. నేను రాసింది మూడో అధ్యాయం, అప్‌గ్రేడ్ గురించి. అందులో ఒక వాక్యం రాశాను: "అప్‌గ్రేడ్ తరవాత బిల్లు స్క్రీన్ తెరుచుకోకపోతే 7.2లో ఉన్న దశలు పాటించండి." రాసిన రోజున ఆ వాక్యంలో తప్పేమీ లేదు.

రెండు నెలల తరవాత ఒక డెవలపర్ ఏడో అధ్యాయం మొదట్లో ‘లాగ్ ఫైళ్ళు చూడడం’ అని కొత్త విభాగం చేర్చాడు. అవసరమైన విభాగమే. బాగా రాశాడు కూడా. అది 7.1 అయింది. బ్యాకప్ విభాగం 7.2కి జరిగింది, సర్వీసు విభాగం 7.3కి జరిగింది. విభాగాల నెంబర్లు సాఫ్ట్‌వేరే వేస్తుంది కాబట్టి ఆ అధ్యాయం చూడడానికి చక్కగా ఉంది. నా మూడో అధ్యాయాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నా వాక్యంలో నేను చేత్తో కొట్టిన 7.2 అలాగే ఉండిపోయింది. ఎవరికీ ఏ హెచ్చరికా రాలేదు.

ఒక శనివారం సాయంత్రం విజయవాడలో ఒక కస్టమర్ దగ్గర అప్‌గ్రేడ్ చేశారు. బిల్లు స్క్రీన్ తెరుచుకోలేదు. డ్యూటీలో ఉన్న కుర్రాడు మాన్యువల్ తీశాడు. 7.2కి వెళ్ళాడు. ఒక్క దశ కూడా వదలకుండా చేశాడు. అంటే ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్‌ను ఆ రోజు డేటా మీద ఎక్కించేశాడన్నమాట. మధ్యలో తెర మీద ‘ఇప్పుడున్న డేటా పోతుంది, సరేనా’ అని అడిగింది కూడా. కానీ మాన్యువల్‌లో ఆ దశ దగ్గర ‘అవును నొక్కండి’ అని ఉంది. నొక్కాడు. శనివారం పొద్దుటి నుంచి కొట్టిన బిల్లులన్నీ పోయాయి.

సోమవారం అతను ఫోన్ చేశాడు. అక్కడివాళ్ళు బాగా తిట్టారని గొంతు వింటేనే తెలుస్తోంది. "మేడమ్, నేను సొంత తెలివి ఏమీ వాడలేదు. మీ పుస్తకంలో 7.2 అనే ఉంది కదా" అన్నాడు. పుస్తకం తెరిచి చూశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. కాగితం కాపీలు ముందు పెట్టుకుని ఆ బిల్లులన్నీ మళ్ళీ ఎక్కించడానికి వాళ్ళకు రెండు రోజులు పట్టింది.

తప్పు ఎవరిదని మా ఆఫీసులో మీటింగు పెట్టారు. నేను వాక్యం రాసిన రోజు అది సరైనదే. డెవలపర్ చేర్చిన విభాగమూ సరైనదే. కుర్రాడు చేసింది మేం చెప్పిందే. ముగ్గురూ తమ పని సరిగ్గా చేశారు, అయినా ఒక వ్యాపారి ఒక రోజు లెక్క పోయింది. ఒక్కరే పుస్తకం రాస్తే ఇలాంటిది తక్కువ జరుగుతుంది. మూడో అధ్యాయంలో ఏం రాశారో వాళ్ళకు గుర్తుంటుంది. నలుగురు రాసే పుస్తకంలో ఆ గుర్తు ఎవరి తలలోనూ పూర్తిగా ఉండదు. కాబట్టి ఆ గుర్తును తలలో కాకుండా ఫైల్లోనే పెట్టాలి. ఈ రోజు నేను చెప్పబోయేది మొత్తం ఇదే.

ఇప్పుడు విషయంలోకి వద్దాం. రెఫరెన్స్ ఇవ్వడానికి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది చోటుతో చెప్పడం. ‘పైన చెప్పినట్టు’, ‘కింద పట్టికలో’, ‘ముందు పేజీలో’, ‘కుడివైపు బొమ్మలో’. రెండోది నెంబరుతో చెప్పడం. ‘7.2 చూడండి’, ‘పట్టిక 3 చూడండి’. మూడోది పేరుతో చెప్పడం. ‘సర్వీసును మళ్ళీ మొదలుపెట్టడం అనే విభాగం చూడండి’.

ఊళ్ళో ఇల్లు ఎక్కడని అడిగితే ఎలా చెబుతాం? "రావిచెట్టు దాటాక మూడో ఇల్లు." మధ్యలో ఒక కొత్త ఇల్లు కట్టారనుకోండి, వచ్చినవాళ్ళు వేరేవాళ్ళ తలుపు కొడతారు. చోటు, లెక్క రెండూ అంతే, పక్కవాడు ఏదైనా చేస్తే మారిపోతాయి. పేరు అలా మారదు. హైదరాబాద్‌లో లకడీకాపూల్ అని ఉంది కదా. లకడీకాపూల్ అంటే కర్రవంతెన. ఇప్పుడక్కడ కర్రవంతెన ఎక్కడుంది? లేదు. అయినా ఆటో ఎక్కి లకడీకాపూల్ అంటే సరిగ్గా అక్కడే దింపుతాడు. పేరుకు అర్థం పాతబడినా అది చూపించే చోటు పాతబడలేదు. మనక్కావలసింది అలాంటి పేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన లేటెక్‌లోనే ఇది ఉంది. థీసిస్ రాసినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఒక విభాగానికి లేబుల్ అని ఒక పేరు పెడతాం. ఇంకో చోట ఆ పేరు చెప్పి రెఫ్ అంటాం. నెంబరు ఎంతో అది చూసుకుని వేస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు పేర్లన్నీ ఒక ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి నడిపినప్పుడు వాటిని సరైన చోట్ల నింపుతుంది. ఆ పేరు ఎక్కడా దొరక్కపోతే అచ్చులో రెండు ప్రశ్నార్థకాలు వేస్తుంది. ఆ రెండు ప్రశ్నార్థకాలు చూసి మనం విసుక్కుంటాం. నిజానికి అవి మనకు చేసే మేలు చాలా పెద్దది. ‘నాకు తెలియదు’ అని అది ఒప్పుకుంటోంది. నా 7.2 అలా ఒప్పుకోలేదు, తెలిసినట్టే చెప్పింది.

పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కూడా మొదట్లో లేటెక్‌లోనే ఉండేది. తరవాత దానికోసమే గెయోర్గ్ బ్రాండల్ స్ఫింక్స్ అనే పనిముట్టు తయారుచేశారు. అది 2008లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు ఎన్నో ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్ స్ఫింక్స్‌తోనే తయారవుతోంది. అందుకే నేను దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు వేరేది వాడినా సూత్రం ఒకటే.

తెర మీద చూడండి. హెడ్డింగ్‌కి సరిగ్గా పై లైన్లలో లేబుల్ పెట్టాను. రెండు చుక్కలు, ఒక ఖాళీ, ఒక అండర్‌స్కోర్, తరవాత పేరు, చివర కోలన్. అంతే. ఇప్పుడు ఇంకో ఫైల్లో రెఫ్ అనే రోల్‌లో ఆ పేరు ఇస్తే, బిల్డ్ చేసినప్పుడు ఆ విభాగం శీర్షిక దానంతటదే వచ్చి కూర్చుంటుంది, లింకుతో సహా. విభాగాన్ని వేరే ఫైలుకి మార్చండి, పది పేజీలు కిందికి జరపండి, లింకు దాని వెంటే వెళుతుంది. శీర్షిక మార్చండి, దాన్ని చూపించే ప్రతిచోటా కొత్త శీర్షికే వస్తుంది.

ఇక్కడ కొందరు అడుగుతారు: "ప్రతి దానికీ లేబుల్ ఎందుకండీ? శీర్షికనే లేబుల్‌గా తీసుకునే సదుపాయం స్ఫింక్స్‌లో ఉంది కదా?" ఉంది. ఆటోసెక్షన్‌లేబుల్ అంటారు. ఒక్కరే రాసే చిన్న ప్రాజెక్టుకి హాయిగా ఉంటుంది. నలుగురు రాస్తుంటే రెండు ఇబ్బందులు. ఒకటి, ‘పరిచయం’ అనే శీర్షిక ప్రతి ఫైల్లోనూ ఉంటుంది, ఏ పరిచయమో తెలియక గొడవ. దీనికి లేబుల్ ముందు ఫైలు పేరు చేర్చే సెట్టింగ్ ఉంది. రెండోది అసలు ఇబ్బంది. ఎవరైనా శీర్షికలో ఒక అక్షరదోషం దిద్దారనుకోండి, దాన్ని చూపించే లింకులన్నీ తెగిపోతాయి. శీర్షిక చదివేవాళ్ళ కోసం, దాన్ని బాగుచేసే స్వేచ్ఛ ఎప్పుడూ ఉండాలి. లేబుల్ రాసేవాళ్ళ కోసం, అది కదలకూడదు. రెండింటినీ ముడిపెడితే శీర్షిక బాగుచేయడానికి భయపడే పరిస్థితి వస్తుంది. లకడీకాపూల్ గుర్తుంది కదా. వంతెన మారినా పేరు మారనక్కరలేదు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. రెఫరెన్స్ మూడు రకాలుగా చెడుతుంది. ఒకటి, చూపించిన చోటు అసలు లేదు. రెండు, ఒకే పేరు రెండు చోట్ల ఉంది. మూడు, చూపించిన చోటు ఉంది, కానీ అది వేరే చోటు. మొదటి రెండూ యంత్రం పట్టుకోగలదు. మూడోది పట్టుకోలేదు. మొదటిది చదివేవాళ్ళకు చిరాకు తెప్పిస్తుంది, మూడోది నష్టం తెస్తుంది. నా 7.2 మూడో రకం. కాబట్టి మన పద్ధతి ఎలా ఉండాలంటే, ఏదైనా చెడితే అది మొదటి రకంగానే చెడాలి. అంటే గట్టిగా అరిచి చెడాలి. పేరుతో ఇచ్చిన రెఫరెన్స్ తెగితే అరుస్తుంది. నెంబరుతో ఇచ్చింది నోరు మూసుకుని తప్పు దారి చూపిస్తుంది.

అయితే ఆ అరుపు వినేవాళ్ళు ఉండాలి. మామూలుగా స్ఫింక్స్ లేబుల్ దొరక్కపోతే ఒక హెచ్చరిక చూపించి తన దారిన తాను బిల్డ్ పూర్తిచేస్తుంది. ఆ హెచ్చరికలు పది అవుతాయి, వంద అవుతాయి, తరవాత ఎవరూ చదవరు. అందుకని బిల్డ్ కమాండ్‌లో మైనస్ పెట్టి పెద్ద డబ్ల్యూ ఇవ్వండి. అప్పుడు హెచ్చరిక కూడా తప్పు కిందే లెక్క. బిల్డ్ ఫెయిల్ అవుతుంది. పాత ప్రాజెక్టులో ఒక్కసారిగా ఇది పెడితే, స్ఫింక్స్ పాత వెర్షన్లు మొదటి హెచ్చరిక దగ్గరే ఆగిపోయేవి. కీప్-గోయింగ్ అనే ఆప్షన్ కూడా ఇస్తేనే చివరిదాకా వెళ్ళేవి, ఇప్పుడు అది లేకుండానే స్ఫింక్స్ చివరిదాకా వెళ్ళి మొత్తం జాబితా ఇస్తుంది. దాన్ని టీమ్‌లో పంచుకుని దిద్దుకుంటూ రండి.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఫంక్షన్లు, క్లాసుల పేర్లకు ఇచ్చే రెఫరెన్సులు దొరక్కపోతే స్ఫింక్స్ మామూలుగా హెచ్చరిక కూడా ఇవ్వదు. లింకు లేకుండా ఆ పేరు మాత్రం చూపించి ఊరుకుంటుంది. దానికి నిట్‌పికీ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. నిట్‌పికీ అంటే మన భాషలో చాదస్తం. డాక్యుమెంటేషన్‌లో కాస్త చాదస్తం మంచిదే.

మార్క్‌డౌన్ వాడేవాళ్ళకు కూడా దారి ఉంది. స్ఫింక్స్‌లోనే మిస్ట్ అనే పార్సర్ పెట్టుకుంటే మార్క్‌డౌన్‌లోనూ లేబుళ్ళు ఇవ్వొచ్చు. ఎంకేడాక్స్ వాడితే స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఉంది, పేజీ దొరకని లింకుంటే బిల్డ్ ఆగిపోతుంది. పేజీ లోపలి యాంకర్లు కూడా అంత కచ్చితంగా చూడాలంటే సెట్టింగులో విడిగా చెప్పుకోవాలి.

ఇప్పుడు తెలుగులో డాక్యుమెంటేషన్ రాసేవాళ్ళకు ప్రత్యేకంగా రెండు మాటలు. ఇవి ఇంగ్లీషు పుస్తకాలు చదివితే తెలిసేవి కావు. తెలుగులో రాయడం మొదలుపెట్టాక దెబ్బ తిని నేర్చుకున్నవి.

మొదటిది. మనం లేబుల్ ఇవ్వకపోతే స్ఫింక్స్ ప్రతి శీర్షికకూ దాని అక్షరాల నుంచే ఒక యాంకర్ తయారుచేస్తుంది. ఇంగ్లీషు శీర్షిక అయితే ఆ మాటలే యాంకర్ అవుతాయి. తెలుగు శీర్షిక అయితే? ఆ పద్ధతి ఇంగ్లీషు అక్షరాలు కానివాటిని వదిలేస్తుంది. మొత్తం తెలుగే అయితే మిగిలేది సున్నా. అప్పుడు ఐడీ1, ఐడీ2, ఐడీ3 అని వరుసగా నెంబర్లు వేసుకుంటూ పోతుంది. మీరు ఐడీ3కి లింకు కాపీ చేసి ఎవరికో పంపిస్తారు. రేపు ఎవరో పైన ఒక కొత్త విభాగం చేరుస్తారు. మీ ఐడీ3 ఇప్పుడు ఇంకో విభాగం. చూశారా, నా 7.2 మళ్ళీ వచ్చింది, వేరే వేషంలో. కాబట్టి తెలుగు శీర్షికలకు చేత్తో లేబుల్ ఇవ్వడం తప్పనిసరి, అదీ ఇంగ్లీషు అక్షరాలలో. అప్పుడు యాంకర్ కూడా ఆ పేరుతోనే వస్తుంది, కదలదు.

రెండోది మన విభక్తులు. ఇంగ్లీషులో లింకు అయిపోయాక ఒక ఖాళీ, తరవాత వేరే మాట. మనం ‘లో’, ‘కి’, ‘నుంచి’, ‘తో’ ముందు మాటకే అతికిస్తాం. స్ఫింక్స్ వాడే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో రోల్ ముగిశాక వెంటనే ఖాళీ గానీ విరామచిహ్నం గానీ ఉండాలి. ‘లో’ అని అతికిస్తే అది రోల్ అని గుర్తుపట్టదు, ఆ గుర్తులన్నీ తెర మీద అలాగే కనిపిస్తాయి. మధ్యలో ఒక బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ పెడితే పని జరుగుతుంది. ఆ ఖాళీ బయటికి కనిపించదు. కానీ అందులో ఇంకో చిక్కుంది. లింకు మాట దానంతటదే వచ్చే శీర్షిక కదా. ఈ రోజు శీర్షిక ‘స్థాపన’ అయితే ‘స్థాపనలో’ అని బాగానే ఉంటుంది. రేపు ఎవరో దాన్ని ‘ఎలా స్థాపించాలి?’ అని మారిస్తే ‘ఎలా స్థాపించాలి?లో’ అవుతుంది. ఎంత వికారంగా ఉందో చూడండి.

అందుకని మేమొక వాక్యం ఖాయం చేసుకున్నాం. లింకు, తరవాత ఖాళీ, తరవాత ‘అనే విభాగంలో చూడండి’. విభక్తి ఎప్పుడూ ‘విభాగం’ అనే మాటకే తగులుతుంది, లింకుకు తగలదు. శీర్షిక ఏదైనా వాక్యం చెడదు. అందరూ ఒకేలా రాయాలన్న ఇబ్బంది కూడా దీంతోనే తీరిపోయింది. "కాస్త నిఘంటువు భాషలా ఉందండీ" అని ఒక కొలీగ్ అన్నాడు. ఉంటే ఉండనీ. మాన్యువల్‌లో చదివేవాళ్ళకు కావలసింది దారి.

"మరి ఇదంతా పెద్ద ప్రాజెక్టులో సాధ్యమా? డెవలపర్లు ఈ గుర్తులన్నీ పెడతారా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లినక్స్ కెర్నెల్ సంగతి చూద్దాం. ప్రపంచంలో అంతమంది కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్లు తక్కువ. వాళ్ళు 2016లో డాక్యుమెంటేషన్‌ను స్ఫింక్స్‌కి మార్చడం మొదలుపెట్టారు. కెర్నెల్ డెవలపర్లలో చాలామంది ఆ ఫైళ్ళను బ్రౌజర్‌లో కాకుండా నేరుగా ఎడిటర్‌లోనే చదువుకుంటారు. వాళ్ళకు ప్రతి ఫంక్షన్ పేరు చుట్టూ రోల్ గుర్తులు పెట్టడం అంటే అన్నంలో రాళ్ళలా ఉంటుంది. బలవంతపెడితే ఎవరూ పెట్టరు. 2019లో డాక్యుమెంటేషన్ చూసుకునే జొనాథన్ కార్బెట్ ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ చేర్చారు. ఫంక్షన్ పేరు, దాని పక్కన ఖాళీ బ్రాకెట్లు, ఇలా మామూలుగా రాస్తే చాలు, బిల్డ్ సమయంలో అదే లింకు అయిపోతుంది. తరవాత ఫైలు దారి మామూలుగా రాసినా లింకు అయ్యేలా చేశారు. దీని నుంచి నేను నేర్చుకున్నదేమిటంటే, పది మంది పాటించే నియమం కావాలంటే, వాళ్ళు ఎలాగూ చేసే పనినే నియమంగా పెట్టాలి. మిగతా బరువు పనిముట్టు మోయాలి.

కెర్నెల్ నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. కోడ్ ఎలా రాయాలో చెప్పే ఫైలు, ప్యాచ్‌లు ఎలా పంపాలో చెప్పే ఫైలు వాళ్ళ దగ్గర చాలా పాతవి. వాటిని ప్రాసెస్ అనే ఫోల్డర్‌లోకి మార్చారు. కానీ పాత చోట్లలో అవే పేర్లతో చిన్న ఫైళ్ళు ఉంచారు. వాటిలో ఉండేది ఒక్క మాటే: ఈ ఫైలు ఫలానా చోటికి మారింది. ఎందుకంటే ఆ పేర్లు పుస్తకాల్లో, ఈమెయిళ్ళలో, మనుషుల నోళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియదు. మన ఫైళ్ళలో ఉన్న రెఫరెన్సులు మనం దిద్దుకోగలం. బయటివాళ్ళ దగ్గర ఉన్నవి దిద్దలేం. దుకాణం మారితే పాత షట్టర్ మీద కొత్త అడ్రస్ రాసి పెడతారు కదా, ఇదీ అంతే.

సరే, ఆ మీటింగు తరవాత మేం పెట్టుకున్న నియమాలు చెబుతాను. ఐదే ఐదు. అంతకన్నా ఎక్కువ పెడితే ఎవరికీ గుర్తుండవు.

ఒకటి. ‘పైన’, ‘కింద’, ‘ముందు చెప్పినట్టు’, చేత్తో కొట్టిన నెంబర్లు, ఇవి నిషేధం. బొమ్మలకూ పట్టికలకూ నెంబరు కావాలంటే నమ్‌రెఫ్ వాడాలి, నెంబరు యంత్రమే వేస్తుంది. ఒకే పేరాలో ‘కింది కమాండ్’ అని వెంటనే కమాండ్ ఇస్తే ఫరవాలేదు. కన్ను అక్కడే ఉంటుంది కదా.

రెండు. వేరేచోటి నుంచి చూపించే ప్రతి విభాగానికీ లేబుల్ ఉండాలి. లేబుల్‌లో ముందు అధ్యాయం పేరు, తరవాత విషయం, మధ్యలో గీత. ఒకసారి పెట్టాక మార్చకూడదు. పేరు పాతబడిందనిపించినా సరే.

మూడు. లేబుల్ బాధ్యత ఆ విభాగం రాసినవాళ్ళది. ఒక విభాగాన్ని తీసెయ్యాలన్నా, రెండుగా విడగొట్టాలన్నా, ముందు ఆ లేబుల్ ఎక్కడెక్కడ వాడారో ఫైళ్ళన్నింటిలో వెతకాలి. అక్కడి వాక్యాలు చదవాలి. లింకు ఉందా లేదా అని మాత్రమే కాదు, ఆ వాక్యం ఇచ్చిన మాట ఇంకా నిలబడుతుందా అని చూడాలి. ఇంతకుముందు చెప్పిన మూడో రకం తప్పును పట్టుకునేది ఇక్కడే, మనిషే.

నాలుగు. వాక్యంలో ఎందుకు వెళ్ళాలో చెప్పాలి. ‘వివరాలకు ఇక్కడ నొక్కండి’ కాదు. ‘సర్వీసును ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. దశలు ఫలానా విభాగంలో ఉన్నాయి’ అనాలి. ఇదే అన్నింటికన్నా ముఖ్యం. నేను ఆ రోజు 7.2 పక్కన ‘సర్వీసును మళ్ళీ మొదలుపెట్టండి’ అనే మూడు మాటలు రాసి ఉంటే, నెంబరు తప్పయినా ఆ కుర్రాడు బ్యాకప్ శీర్షిక చూడగానే ఆగేవాడు. ‘ఇదేమిటి, వేరేది చెబుతోందే’ అనుకునేవాడు. అనుమానపడే అవకాశం కూడా నేనతనికి ఇవ్వలేదు.

ఐదు. హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగాలి. ‘ఈసారికి వదిలేద్దాం’ అనేది లేదు. బయటి వెబ్‌సైట్లకు ఇచ్చిన లింకుల కోసం స్ఫింక్స్‌లో లింక్‌చెక్ ఉంది. దాన్ని మాత్రం ప్రతి బిల్డ్‌కీ కాకుండా వారానికోసారి నడిపేవాళ్ళం. అవతలి సైటు ఒక గంట పనిచేయకపోతే మన పని ఆగకూడదు కదా.

ఇవి పెట్టిన మొదటి వారంలో డెవలపర్లు విసుక్కున్నారు. నిజం చెప్పాలంటే నేనూ విసుక్కున్నాను. మాన్యువల్‌లో ‘పైన’, ‘కింద’ అని వెతికితే అన్నింటికన్నా ఎక్కువ దొరికింది నా అధ్యాయంలోనే. ఒక్కొక్కటి తీసి దిద్దుతుంటే ఇంకో సంగతి బయటపడింది. కొన్నిచోట్ల ‘పైన చెప్పినట్టు’ అని ఉంది గానీ పైన అసలు ఎక్కడా చెప్పలేదు! రాసేటప్పుడు చెప్పామనుకున్నాం. లేబుల్ పెట్టబోతే పెట్టడానికి చోటు లేదు. అలా రాయకుండా వదిలేసిన భాగాలు కూడా దొరికాయి. ఇది నేను ఊహించని లాభం.

అన్నట్టు, మరీ ఎక్కువ లింకులు కూడా వద్దు. ఒక పేరాలో ఆరు లింకులుంటే చదివేవాళ్ళు ఏది తప్పకుండా చూడాలో, ఏది ఆసక్తి ఉంటే చూడాలో తేల్చుకోలేరు. పని మధ్యలో ఉన్న మనిషిని ఇంకో పేజీకి పంపడం అంటే మెట్టు మీద ఉన్నవాణ్ణి పిలిచినట్టు. రెండు లైన్లలో అయిపోయే విషయమైతే అక్కడే చెప్పేయండి.

ఇక విజయవాడ కుర్రాడి సంగతి. ఆ వ్యాపారికి మేమొక ఉత్తరం రాశాం. మాన్యువల్‌లో తప్పుంది, మీ మనిషి అందులో ఉన్నది ఉన్నట్టు చేశాడు, తప్పు మాది అని. దాని మీద సంతకం పెట్టడానికి మా మేనేజర్ మొదట్లో వెనకాడారు. చివరికి పెట్టారు. తరవాత ఆ కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. కొత్త మాన్యువల్ వచ్చిందా అని అడిగాడు. పంపించాను. "మేడమ్, ఈసారి నెంబర్లు లేవేంటి, పేర్లున్నాయి" అన్నాడు. "అవునండీ, నీ వల్లే" అన్నాను. నవ్వాడు.

మన రెఫరెన్స్ చదివే మనిషి సాధారణంగా ఇబ్బందిలో ఉంటాడు. రాత్రిపూట, ఒంటరిగా, పైవాళ్ళు ఫోన్ ఎత్తని సమయంలో మన పుస్తకం తెరుస్తాడు. మనం ఎటు వెళ్ళమంటే అటు వెళతాడు. కాబట్టి ఈ వారం మీకు నేనిచ్చే పని చాలా చిన్నది. మీ మాన్యువల్ తెరిచి ‘పైన’, ‘కింద’, ‘చూడండి’ అనే మూడు మాటలు వెతకండి. దొరికిన ప్రతిచోటా ఆ మాట పట్టుకుని నిజంగా నడిచి చూడండి. ఎక్కడికి చేరారో చూడండి. చేరాల్సిన చోటికే చేరితే ఒక లేబుల్ పెట్టి వచ్చేయండి. వేరే చోటికి చేరితే, ఇంకెవరో అక్కడికి చేరేలోపు దిద్దండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఒకే వస్తువుకు నలుగురు రచయితలు నాలుగు పేర్లు పెడితే ఏం చేయాలో, అంటే పదకోశం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.